బడి గడప దాటిన తరువాత: విజ్ఞాన యాత్రలు, దుస్తుల నియమాలు, విద్యార్థి వాక్ స్వాతంత్ర్యం

విద్యార్థి బడి గడప దాటి లోపలికి వచ్చినంత మాత్రాన తన వాక్ స్వాతంత్ర్యాన్ని బయట వదలి రాడని అమెరికా సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పింది. విద్యార్థుల హక్కులను గూర్చి రాసే వారందరూ ఈ తీర్పుతోనే మొదలుపెడతారు. అయితే గడప లోపలికి వచ్చే విద్యార్థిని గూర్చి ఇంత స్పష్టంగా చెప్పిన న్యాయశాస్త్రం, ఉపాధ్యాయుల వెంట అదే గడప దాటి మ్యూజియానికో, కోటకో, శాసనసభకో బయలుదేరిన విద్యార్థిని గూర్చి అంత స్పష్టంగా మాట్లాడలేదు. బస్సు ఎక్కిన పిల్లవాడు బడిలో ఉన్నట్టా, వీధిలో ఉన్నట్టా? అతని ఒంటిమీది గుడ్డపై అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలకు అమెరికా, ఫ్రాన్సు, భారతదేశాలలో వచ్చిన సమాధానాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. పాఠశాల అధికారం పిల్లల వెంట బస్సు ఎక్కుతున్నది. పిల్లల హక్కు మాత్రం తరచు గడప దగ్గరే నిలిచిపోతున్నది.

నల్లపట్టీ తీర్పు

1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ నగరంలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధంలో మరణించిన వారికి సంతాపంగా, యుద్ధ విరమణను కోరుతూ చేతికి నల్లపట్టీలు కట్టుకొని బడికి వెళ్ళాలని నిశ్చయించుకొన్నారు. సంగతి తెలిసి ప్రధానోపాధ్యాయులు ముందుగానే సమావేశమై నల్లపట్టీలను నిషేధించారు. అయినా కట్టుకొని వచ్చిన వారిని సస్పెండ్ చేశారు. టింకర్ కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 24 ఫిబ్రవరి 1969న ఏడుగురు న్యాయమూర్తులు విద్యార్థుల పక్షాన, ఇద్దరు పాఠశాల పక్షాన నిలిచారు. అధిక సంఖ్యాకుల తీర్పును జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాశారు. బడి పనికి గణనీయమైన అంతరాయం కలిగితేనో, ఇతరుల హక్కులకు భంగం వాటిల్లితేనో తప్ప విద్యార్థి భావ ప్రకటనను అణచరాదని, అల్లరి జరుగుతుందేమో అన్న భయం మాత్రమే అందుకు చాలదని ఆ తీర్పు సారాంశం. అదే పాఠశాలలలో ఎన్నికల బ్యాడ్జీలను, చివరికి నాజీలతో ముడిపడిన ఇనుప శిలువను సైతం అనుమతించి, ఒక్క నల్లపట్టీనే ఏరి నిషేధించడాన్ని కోర్టు ప్రత్యేకంగా ఎత్తిచూపింది.

ఈ తీర్పు గొప్పదే. అయినా ప్రస్తుత సమస్య దృష్ట్యా ఇందులో రెండు లోటులు కనిపిస్తాయి. మొదటిది: గుడ్డ ముక్క మాటతో సమానమని అంగీకరించిన ఫోర్టాస్, ఆ వెంటనే ఈ కేసు పావడా పొడవుకు, దుస్తుల రకానికి, జుట్టు తీరుకు సంబంధించినది కాదని ఒక గీత గీశారు. చేతికి కట్టిన గుడ్డ మాట అయితే తలకు చుట్టిన గుడ్డ ఏమవుతుందన్న ప్రశ్న ఆ గీతకు అవతల మిగిలిపోయింది. తరువాతి కాలంలో దిగువ కోర్టులు యూనిఫాం నియమాలను సమర్థించడానికి ఆ ఖాళీని వాడుకొన్నాయి. లూసియానాలోని బోసియర్ పారిష్ పాఠశాలల యూనిఫాం కేసులో అయిదవ సర్క్యూట్ కోర్టు 2001లో, దుస్తులు భావాన్ని తెలుపగలవని ఒప్పుకొంటూనే, నియమం ఏ భావాన్నీ అణచే ఉద్దేశంతో చేసినది కానంత వరకు చెల్లుతుందని చెప్పింది.

రెండవ లోటు స్థలానికి సంబంధించినది. విద్యార్థి హక్కు తరగతి గదికే పరిమితం కాదని చెబుతూ ఫోర్టాస్ భోజనశాలను, ఆటస్థలాన్ని, పాఠశాల ఆవరణను పేర్కొన్నారు. ఆ పట్టిక ఆవరణ గోడ దగ్గర ఆగిపోయింది. గోడ అవతల ఉపాధ్యాయుని పర్యవేక్షణలో నిలిచిన విద్యార్థి సంగతి చెప్పవలసిన అవసరం ఆనాడు కలుగలేదు. కలిగిననాడు చెప్పిన తీర్పు వేరే స్వరంతో వెలువడింది.

గడపను జరిపిన తీర్పు

24 జనవరి 2002న శీతాకాల ఒలింపిక్ జ్యోతి అలాస్కాలోని జూనో నగరం మీదుగా సాగింది. దానిని చూడటానికి అక్కడి ఉన్నత పాఠశాల ప్రిన్సిపాల్ విద్యార్థులను తరగతుల నుండి వీధిలోకి వెళ్ళనిచ్చారు. బడికి ఎదురుగా, రోడ్డుకు అవతలి వైపు కాలిబాటపై ఒక విద్యార్థి మిత్రులతో కలసి 14 అడుగుల బ్యానరు విప్పాడు. దానిపై మత్తుపదార్థ సేవనాన్ని స్ఫురింపజేసే అర్థంపర్థం లేని రాత ఉన్నది. ప్రిన్సిపాల్ బ్యానరును లాక్కొని అతనిని పది రోజులు సస్పెండ్ చేశారు. బ్యానరు విప్పే సమయానికి ఆ రోజు అతడు ఇంకా బడిలో అడుగు పెట్టనే లేదు. అయినా 25 జూన్ 2007న వెలువడిన మోర్స్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అతడు బడిలో ఉన్నట్టే లెక్కించారు. సమయం బడి సమయం, కార్యక్రమం బడి అనుమతించినది, చుట్టూ ఉన్నది తోటి విద్యార్థులు, పర్యవేక్షిస్తున్నది ఉపాధ్యాయులు కనుక వీధి కూడా బడి వంటిదేనని తేల్చారు.

ఆ బ్యానరులో సమర్థించదగిన భావం ఏదీ లేదు. మత్తును నిషేధించిన ధర్మాన్ని అనుసరించే పాఠకులకు ప్రిన్సిపాల్ కోపం సహజంగానే తోస్తుంది. అయితే చూడవలసింది బ్యానరును కాదు, తీర్పు వేసిన బాటను. గడప అంటే ఇక ఇటుకల గడప కాదు. ఉపాధ్యాయుడు ఎక్కడ నిలిస్తే అక్కడే గడప. ఈ సూత్రాన్ని ఒప్పుకొన్నప్పుడు టింకర్ ఇచ్చిన హక్కు కూడా ఆ గడపతో పాటు జరగాలి కదా? తీర్పు ఆ రెండవ సగాన్ని పలుకలేదు. జస్టిస్ అలిటో మాత్రం విడిగా రాస్తూ, ఈ తీర్పు మత్తుపదార్థాలను ప్రోత్సహించే మాటలకే పరిమితమని, రాజకీయ, సామాజిక విషయాలపై విద్యార్థుల వ్యాఖ్యలను అణచడానికి దీనిని ఆధారం చేసుకోరాదని హెచ్చరించారు. జస్టిస్ థామస్ అందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో, టింకర్ తీర్పునే కొట్టివేయాలన్నారు.

23 జూన్ 2021న మహనాయ్ కేసులో, వారాంతంలో బడి బయట నుండి ఒక విద్యార్థిని ఫోనులో పంపిన అసభ్య సందేశానికి శిక్ష విధించడం చెల్లదని ఎనిమిదిమంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. బడిలోని మాటనూ, బడి బయటి మాటనూ రెంటినీ పాఠశాలే నియంత్రిస్తే రోజులోని 24 గంటలూ విద్యార్థి నోరు కట్టివేసినట్టేనని జస్టిస్ బ్రేయర్ వివరించారు. కాని అదే కేసులో జస్టిస్ అలిటో విడిగా రాసిన అభిప్రాయంలో పాఠశాల యాత్రలను పేరెత్తి చెప్పి, తల్లిదండ్రుల సమ్మతితో జరిగే యాత్ర బడి కార్యక్రమానికి పొడిగింపేనని ఆవరణ లోపలి వర్గంలో చేర్చారు. తల్లిదండ్రులు అప్పగించిన మేరకే పాఠశాలకు అధికారమన్నది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్నే పట్టుకొని ఆలోచించవచ్చు. తండ్రి అంగీకార పత్రంపై సంతకం చేసినప్పుడు ఏమి అప్పగిస్తున్నాడు? పిల్ల తప్పిపోకుండా, వాహనం కింద పడకుండా, వేళకు తిని, వేళకు ఇల్లు చేరేటట్టు చూసే బాధ్యతను అప్పగిస్తున్నాడు. షరీఅత్ పరిభాషలో ఇది అమానత్. అమానత్‌గా తీసుకొన్నవాడు దానిని కాపాడాలి. యజమాని ఇవ్వని అధికారాన్ని అందులో నుండి పుట్టించరాదు. తల్లి ఇంటి దగ్గర కట్టి పంపిన తలగుడ్డను విప్పించే అధికారం ఆ పత్రంలో రాయబడి లేదు. ఉందని వాదించేవారు ఆ మాటను పత్రంలో స్పష్టంగా ముద్రించి, అప్పుడు సంతకం అడగాలి.

ఆతిథ్యమిచ్చే వారి అధికారం

విజ్ఞాన యాత్రలో మరొక చిక్కు ఉన్నది. అక్కడ అధికారం రెండు చేతులలో ఉంటుంది. ఒకటి తీసుకొని వెళ్ళిన పాఠశాలది, రెండవది ఆతిథ్యమిచ్చే సంస్థది. 20 జనవరి 2023న దక్షిణ కరోలినాకు చెందిన ఒక కేథలిక్ పాఠశాల విద్యార్థులు వాషింగ్టన్‌లో గర్భస్రావ వ్యతిరేక ప్రదర్శనలో పాల్గొని, జాతీయ వాయు, అంతరిక్ష మ్యూజియాన్ని చూడబోయారు. వారి తలలపై ఒకే రకం నీలిరంగు టోపీలు, వాటిపై తమ ఉద్యమాన్ని తెలిపే మాట ఉన్నాయి. టోపీలు తీసివేయవలసిందని మ్యూజియం సిబ్బంది ఆదేశించారు. వ్యవహారం కోర్టుకెక్కింది. సిబ్బంది చేసిన పని తమ నిబంధనలకు అనుగుణం కాదని మ్యూజియమే అంగీకరించింది. చివరకు రాజీ కుదిరింది.

ఇక్కడ పాఠశాల, విద్యార్థులు ఒక పక్షం. ప్రభుత్వ మ్యూజియం మరో పక్షం. ఒకే రంగు టోపీ గుంపులో పిల్లలను గుర్తుపట్టడానికీ పనికివస్తుంది, ఒక అభిప్రాయాన్ని చాటడానికీ పనికివస్తుంది. ఈ ఉదంతాన్ని ఇతరుల మతవిషయమని పక్కన పెట్టడం ముస్లిం పాఠకులకు తగదు. కేథలిక్ పిల్లల టోపీని తీయించగల చేయి ముస్లిం పిల్లవాని టోపీ దగ్గర ఆగుతుందని నమ్మడానికి ఆధారం లేదు.

పలకని గుడ్డకు మాట అంటగట్టడం

ఇంతవరకు చర్చించినవన్నీ మాటలే. పట్టీ, బ్యానరు, టోపీ, మూడూ ఎదుటివారికి ఏదో చెప్పడానికే ఉద్దేశించినవి. హిజాబ్ సంగతి వేరు. ధరించే అమ్మాయి దృష్టిలో అది ప్రథమంగా సత్ర్, అంటే కప్పుకోవడం. అది చేసే పనే గాని చెప్పే మాట కాదు. అరబీలో లిబాస్ వేరు, షిఆర్ వేరు. మొదటిది దుస్తు, రెండవది గుర్తింపు చిహ్నం. ఈ రెంటినీ ఒకే పదంతో అనువదిస్తే అర్థం మారిపోతుంది. ఆధునిక చట్టాలు చేస్తున్న పొరపాటు చాలావరకు ఇటువంటి తప్పు అనువాదమే.

ఫ్రాన్సు చట్టాల భాషను గమనిస్తే ఇది విశదమవుతుంది. 27 నవంబరు 1989న అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం, మతచిహ్నాలను ధరించడం దానంతట అదే లౌకిక విధానానికి విరుద్ధం కాదని, ఒత్తిడి, కవ్వింపు, ప్రచారం తోడైతేనే అడ్డుకోవచ్చునని సలహా ఇచ్చింది. 1994 నాటి మంత్రిత్వశాఖ సర్క్యులరు 'ఆడంబరంగా ప్రదర్శించే' అనే అర్థమిచ్చే విశేషణాన్ని వాడింది. 15 మార్చి 2004 నాటి చట్టం దానిని మార్చి, మతాన్ని 'బాహాటంగా వెల్లడించే' చిహ్నాలను, దుస్తులను ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు నిషేధించింది. మొదటి పదంలో ధరించేవారి ప్రవర్తనను చూడవలసి ఉంటుంది; రెండవ పదంలో చూసేవారి కన్నే చాలు. అదే సంవత్సరం మే 18 నాటి సర్క్యులరు ఈ నిషేధం ఆవరణ బయట జరిగే పాఠశాల యాత్రలకు కూడా వర్తిస్తుందని స్పష్టం చేసింది. జూనోలో వీధిని బడిగా మార్చడానికి ఒక తీర్పు కావలసి వచ్చింది. ఫ్రాన్సులో ఒక సర్క్యులరు సరిపోయింది.

2023 ఆగస్టులో అబాయాను నిషేధించినప్పుడు ఈ తర్కం పరాకాష్ఠకు చేరింది. అబాయా మతపరమైన దుస్తు కాదని ఫ్రెంచి ముస్లింల మండలి చెప్పినా, మతపరమైనదేనని ప్రభుత్వం నిర్ణయించింది. నిషేధాన్ని నిలుపుదల చేయడానికి 7 సెప్టెంబరు 2023న న్యాయస్థానం నిరాకరించింది. ఒక వస్త్రానికి అర్థం చెప్పే హక్కు దానిని ధరించేవారికి గాని, వారి మతపండితులకు గాని లేక, విద్యాశాఖకు దక్కింది.

పిల్లలతో ఆగక ఈ దృష్టి తల్లులపై కూడా పడింది. యాత్రలకు తోడుగా వచ్చే తల్లులు తలగుడ్డ ధరించకుండా పాఠశాలలు అడ్డుకోవచ్చునని 2012 నాటి సర్క్యులరు సూచించింది. అటువంటి తల్లులు ప్రభుత్వోద్యోగుల వంటివారు కారని, తటస్థత నియమం వారికి సూత్రరీత్యా వర్తించదని 2013 డిసెంబరులో పాలనా న్యాయస్థానం తన అధ్యయనంలో తెలిపినా, బడి సక్రమ నిర్వహణ పేరిట ఆంక్షలకు దారి వదలింది. 2019 మే నెలలో సెనేట్ ఈ నిషేధాన్ని చట్టంలో చేర్చడానికి ఓటు వేసింది గాని తుది పాఠంలో అది నిలువలేదు. ఆ ఏడాదే అక్టోబరు 11న డిజోన్‌లో ప్రాంతీయ మండలి సమావేశాన్ని చూడటానికి వచ్చిన పిల్లలకు తోడుగా ఉన్న ఒక తల్లిని, తలగుడ్డ తీయవలసిందని ఒక సభ్యుడు సభలోనే నిలదీశాడు. సభాధ్యక్షురాలు అంగీకరించలేదు. ఏడుస్తున్న కొడుకును తల్లి పొదివి పట్టుకొన్న ఫోటో దేశమంతటా ప్రచురింపబడింది. ప్రజాస్వామ్యం ఎట్లా పనిచేస్తుందో పిల్లలకు చూపించడానికి తీసుకొని వచ్చిన యాత్ర అది.

అమెరికాలో ముస్లిం బాలికకు వేరొక ద్వారం తెరచి ఉన్నది. ఓక్లహోమాలోని మస్కోగీలో 2003లో టోపీలను నిషేధించే నియమం కింద ఆరవ తరగతి బాలికను హిజాబ్ కారణంగా సస్పెండ్ చేసినప్పుడు, కేంద్ర న్యాయశాఖ ఆమె పక్షాన కేసులో చేరింది. 2004 మే నెలలో రాజీ కుదిరి ఆమె హిజాబ్‌తోనే చదువు కొనసాగించడానికి వీలయింది. 'నీవేమి చెబుతున్నావు' అని ఆమెను అడుగనవసరం లేకపోయింది. 'నిన్ను ఇతరులతో సమానంగా చూశారా' అన్నదే ప్రశ్న అయింది. వాక్ స్వాతంత్ర్యం ఒక్కటే రక్షణగా మిగిలితే, రక్షణ కోసం ఆమె తన తలగుడ్డను నినాదంగా మార్చుకోవలసి వచ్చేది.

భారతీయ న్యాయస్థానాల మాట

కర్ణాటక హైకోర్టు 15 మార్చి 2022 నాటి హిజాబ్ తీర్పులో పాఠశాలను న్యాయస్థానం, సైనిక శిబిరం వంటి ప్రత్యేక స్థలాల కోవలో చేర్చి, అటువంటి చోట వ్యక్తి హక్కులు కుదించుకొని పోతాయని చెప్పింది. ఈ తర్కాన్ని విజ్ఞాన యాత్ర అనే గీటురాయిపై గీసి చూడవచ్చు. హక్కు కుదించుకొని పోవడానికి కారణం స్థలమే అయితే, గోల్కొండ కోట మెట్లెక్కుతున్న లేక సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ఎదుట నిలిచిన విద్యార్థినికి ఆ హక్కు పూర్తిగా తిరిగి రావాలి. అక్కడ కూడా రాదని అంటే, కారణం స్థలం కాదని, ఆమె ఎవరి అదుపులో ఉన్నదన్నదే కారణమని ఒప్పుకోవాలి. అప్పుడు సైనిక శిబిరంతో పోలిక నిలువదు.

అదే వివాదంలో 13 అక్టోబరు 2022న సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించగా, జస్టిస్ సుధాంశు ధూలియా వ్యతిరేకించారు. విషయాన్ని తగిన ధర్మాసనం ఏర్పాటు కోసం ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. బడి గేటు దగ్గర అమ్మాయిని హిజాబ్ తీయమనడం ఆమె ఆంతరంగికతపై, గౌరవంపై దాడి అని, ఆ గౌరవం ఆమెతో పాటే తరగతిలోకి వస్తుందని ధూలియా అభిప్రాయపడ్డారు. హక్కును స్థలానికి కాక మనిషికి కట్టిన ఈ సూత్రం బస్సులోనూ, మ్యూజియంలోనూ ఒకే రకంగా పనిచేస్తుంది.

ఆయన ఆధారం చేసుకొన్న పూర్వ తీర్పులలో ముఖ్యమైనది 11 ఆగస్టు 1986 నాటి బిజో ఇమ్మానుయేల్ కేసు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి ఆ తీర్పు రాశారు. జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలిచి, తమ విశ్వాసం కారణంగా పాడకుండా ఉన్నందుకు కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలను 1985లో బడి నుండి తొలగించారు. వారిని తిరిగి చేర్చుకోవలసిందని ఆదేశిస్తూ ఆయన రెండు సంగతులు చెప్పారు. మౌనానికి కూడా రాజ్యాంగ రక్షణ కలదు. విద్యాశాఖ సర్క్యులరు ప్రాథమిక హక్కును హరించగల చట్టం కాదు. విజ్ఞాన యాత్రలలో దుస్తుల నియమాలు సాధారణంగా ఏ చట్టంలోనూ ఉండవు. నోటీసు కాగితం మీదో, నోటి మాటగానో ఉంటాయి. కనుక ఈ రెండవ సూత్రం అందరూ గుర్తుంచుకోదగినది.

హద్దు ఎక్కడ?

పాఠశాల బాధ్యతను తక్కువ చేయరాదు. జనసమ్మర్దంలో నలభై మంది పిల్లలను లెక్క తప్పకుండా చూడవలసిన ఉపాధ్యాయునికి ఒకే రంగు యూనిఫాం ఎంతో ఉపకరిస్తుంది. కర్మాగారంలో యంత్రం దగ్గర వదులుగా వేలాడే గుడ్డ ప్రమాదకరం. దుపట్టాను లోపలికి దోపుకోవాలని, పిన్నులు వాడరాదని, చెప్పులకు బదులు బూట్లు వేసుకోవాలని ఆదేశించడం న్యాయమే. ఈ ఆంక్షలన్నీ స్థలం నుండి, ప్రమాదం నుండి పుట్టినవి. వీటికి కారణం చెప్పవచ్చు, ప్రత్యామ్నాయం చూపవచ్చు. చూసేవారికి నచ్చదనో, ఎవరైనా ఏమైనా అంటారనో విధించే ఆంక్షకు అటువంటి కారణం లేదు. ఫోర్టాస్ తిరస్కరించిన భయం సరిగా ఇటువంటిదే.

గురుశిష్య సంబంధంలో వినయానికి ఇస్లామీ విద్యా సంప్రదాయం ఎంత స్థానమిచ్చిందో జర్నూజీ 'తాలీముల్ ముతఅల్లిమ్' చదివిన వారికి తెలుసు. అయితే దివ్య ఖుర్ఆన్ కహఫ్ సూరాలో వర్ణింపబడిన విద్యాయాత్రను కూడా గుర్తుచేసుకోవాలి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జ్ఞానార్జన కోసం హజ్రత్ ఖిజర్ వెంట బయలుదేరారు. తానే చెప్పేవరకు ఏమీ అడుగరాదన్నది గురువు ముందుగా, స్పష్టంగా పెట్టిన షరతు; శిష్యుడు ఒప్పుకొన్న షరతు. అయినా తన కంటికి అన్యాయంగా తోచిన పని జరిగినప్పుడు శిష్యుడు ఊరుకోలేకపోయారు. గురువు ఆయనను మొదటి మాటకే పంపివేయలేదు. షరతును గుర్తుచేసి రెండుసార్లు అవకాశమిచ్చారు. చివరకు విడిపోయేటప్పుడు కూడా తన ప్రతి పనికీ కారణం వివరించిన తరువాతనే విడిపోయారు. దైవదత్తమైన ప్రత్యేక జ్ఞానం గల గురువే శిష్యునికి కారణం చెప్పవలసి ఉన్నదని భావించగా, యాత్ర ఉదయం బస్సు మెట్ల దగ్గర విద్యార్థినిని నిలిపివేసే పాఠశాల యాజమాన్యం కారణం చెప్పనవసరం లేదనడం ఎట్లా పొసగుతుంది?

ఈ ప్రశ్న ముస్లిం యాజమాన్యంలోని పాఠశాలలకు కూడా వర్తిస్తుంది. యాత్రకు వచ్చే ముస్లిమేతర బాలిక తలపై యూనిఫాం పేరుతో స్కార్ఫ్ కట్టించడం, ఇష్టం లేని ముస్లిం బాలికను అందరి ఎదుట గద్దించి కట్టించడం, పాలస్తీనా బ్యాడ్జీని అనుమతించి తమకు నచ్చని మరొక బ్యాడ్జీని తీయించడం, ఇవన్నీ డెమోయిన్ ప్రధానోపాధ్యాయులు చేసిన పనికి నకళ్ళే. ధర్మంలో బలవంతం లేదన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని ఇతరులకు వినిపించేవారు దానిని తమ ఆవరణలో, తమ బస్సులో ముందుగా పాటించి చూపాలి.

ఈ వివాదాలలో కోర్టుల దాకా వచ్చేవి బహుకొద్ది. తలగుడ్డ తీయమంటారని తెలిసి, ఆ రోజు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటి దగ్గర ఉండిపోయే అమ్మాయి ఏ తీర్పులోనూ కనిపించదు. ఆమె ఏ బ్యానరూ పట్టలేదు, ఏ నినాదమూ చేయలేదు. తోటి పిల్లలు చూసి వచ్చిన కోటను ఆమె చూడలేదు, అంతే. యాత్రకు ముందు పంపే అంగీకార పత్రంలో దుస్తుల నియమాన్ని, దాని కారణాన్ని, ప్రత్యామ్నాయాన్ని మూడు వాక్యాలలో రాస్తే ఆ అమ్మాయి తండ్రి ముందుగానే వచ్చి మాట్లాడగలడు. పాఠశాలలు ఈ చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. ఇందుకు సుప్రీంకోర్టు తీర్పు కోసం వేచి ఉండనవసరం లేదు.